తల్లినని ఇవ్వని కుర్చీ

తల్లే అసలైన లీడర్ అని ఎవరైనా మైకు పట్టుకొని అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్న వాళ్ళలో ఒక్కరు కూడా ఒక తల్లికి కుర్చీ ఇచ్చిన పాపాన పోలేదు.

మా నాన్న బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు మూతపడ్డాక కోరమండల్ అనే ఆ గనుల ఊళ్ళో మాకు మిగిలింది ఇల్లూ, పొద్దున్నే వచ్చే రైలూ. ఆ రైలెక్కి మాలూరులో ఒక ఫ్యాక్టరీకి పోయేదాన్ని, ప్యాకింగ్ సెక్షన్‌లో పని. మా వరుస ఇళ్ళలో ఆడవాళ్ళం చాలామంది అట్లాగే తలా ఒక ఫ్యాక్టరీకి పోయేవాళ్ళం. పిల్లల కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ రోజు ఎవరికి వారపు సెలవైతే ఆ రోజు వరుసలోని పిల్లలందరికీ ఆమే దిక్కు. సంగటి పెట్టేదీ, దెబ్బలాటలు విడదీసేదీ ఆమే. అందుకని ఇద్దరి సెలవు ఒకే రోజు పడకూడదు. ఎవరిది ఎప్పుడో కుదిర్చేది నేను. ఒకామె సూపర్‌వైజర్ మొండికేస్తే ఇంకొకామెను బతిమాలేదాన్ని, అదీ కుదరకపోతే నా సెలవే మార్చుకునేదాన్ని. సాయంత్రం రైల్లో అనపకాయలు ఒలుచుకుంటూనే ఈ తగువులన్నీ తీరిపోయేవి.

మా ఇన్‌చార్జి మోకాళ్ళ నొప్పులతో మంచాన పడ్డప్పుడు సెక్షన్‌ను నెలల తరబడి నేనే నడిపాను. ఆయన పని మానేశాక ఆ ఉద్యోగం నాదే అనుకున్నాను. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. నా తర్వాత చేరి, నా దగ్గరే పని నేర్చుకున్న ఒకతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అడిగితే మేనేజర్ చాలా మెత్తగా చెప్పాడు. నీకు పాప చిన్నది, ఊరికే సెలవులు మార్చుకుంటూ ఉంటావు, ఇంటి బరువు మీద ఈ బరువెందుకని నీ మేలు కోరే చేశాం అన్నాడు. కసిరి ఉంటే ఇంత మండేది కాదు. నా మేలేదో నన్నే అడగాలని ఆ మనిషికి తోచనే లేదు.

ఇంట్లో మా అత్త పోనీలేమ్మా అంది. ఆమె మీదా విరుచుకుపడ్డాను.

నెల తిరక్కుండానే ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు నాయకత్వ శిక్షణ అన్నారు. బెంగుళూరు నుంచి ఒకావిడ వచ్చి, ఈ కాలపు లీడర్‌కు కావలసినవి తెర మీద చూపించింది. నలుగురినీ కలుపుకోవాలట, పని పంచాలట, తగువు తీర్చాలట. పిల్లల్ని పెంచే తల్లికి ఇవన్నీ ఇంట్లోనే అబ్బుతాయని చెప్పి, మీలో ఎవరైనా ఒక ఉదాహరణ చెప్పండి అంది. మేనేజర్ లేచి నన్నే పిలిచాడు. మా ఫ్యాక్టరీ గర్వించే తల్లి అని పరిచయం కూడా చేశాడు. కోపంతోనే పోయి మైకు అందుకున్నాను.

మా వరుస ఇళ్ళ సెలవుల సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ మురిసిపోయి, లీడర్‌షిప్ అంటే ఇదే కదా అంది. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మేనేజరే.

చప్పట్లు ఆగేదాకా ఉన్నాను. "సార్, సెలవులు మార్చుకుంటానని నన్ను ఇన్‌చార్జిగా వద్దంటిరి. ఇప్పుడు దానికే చప్పట్లు కొట్టినారు. ఇంగ ఈ రెండిట్లో ఏది నిజమో మీరే చెప్పాల."

ఆయన గడియారం చూసుకొని, భోజనాల టైమైంది, తర్వాత మాట్లాడదాం అన్నాడు. శిక్షణ ఇవ్వడానికొచ్చినావిడ నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకుంది. ఇద్దరూ తలుపు దాకా పోయారు.

వెనక వరుసలోంచి మా సెక్షన్‌లో పనిచేసే ఒకామె అంది. "ఆయమ్మ అడిగినదానికి బదులు చెప్పి పోండి సార్. అన్నం యాడికీ పోదు."

ఆయన ఆగి, మళ్ళీ గడియారమే చూసుకున్నాడు. ఆ కుర్చీ నాకు ఎప్పటికీ రాలేదు, ఆ కోపమూ ఎప్పటికీ తగ్గలేదు. కానీ ఆ పూట, నేను మైకు దించి కదిలేదాకా మా సెక్షన్‌లో ఒక్కరూ అన్నానికి లేవలేదు.