ఎంక్వయిరీకి వచ్చిన అతిథి

నిన్న సాయంత్రం ఎదురు ఫ్లాటులో ఉండే ఆవిడ వచ్చి, కొడుకు కాలేజీ ఫీజు పథకం కోసం ఇంటికి సర్వేవాళ్ళు వస్తున్నారట, ఆ ఒక్క పూటా వాళ్ళ పెద్ద టీవీని మా ఇంట్లో పెట్టుకోమని ఏ మొహమాటమూ లేకుండా అడిగింది. సరేనన్నాను. ఇన్నేళ్ళ టీచరు ఉద్యోగంలో ఈ పథకానికి ఎన్ని పేర్లు మారాయో, డబ్బు ఒకసారి కాలేజీ ఖాతాలోకి, ఒకసారి తల్లి ఖాతాలోకి అంటూ తిరిగి తిరిగి చివరికి ఎవరి ఖాతాలోకీ సమయానికి రాక, సర్టిఫికెట్ల కోసం ఎందరు పిల్లలు కాలేజీల ముందు పడిగాపులు పడ్డారో చూసి చూసి నాకిక కోపం కూడా రావడం లేదు, విసుగొక్కటే మిగిలింది. ఆ టీవీని మా గదిలో గోడకి ఆనించి కూర్చుంటే నాన్నగారు గుర్తొచ్చారు.

మన రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఇంజనీరింగంటే ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని రెండే దారులు. తొంభైలలో నాకు ఫ్రీ సీటు కొద్దిలో తప్పిపోయింది, పేమెంటు సీటు మాట ఇంట్లో ఎత్తడానికి నాకే నోరు రాలేదు. రాజమండ్రిలో డిగ్రీ, ఆపైన బీఈడీ చదివి అక్కడే ఒక ప్రైవేటు బడిలో చేరాను. నాకూ చెల్లెలికీ చాలా ఏళ్ళ తేడా. అది ఇంటరు పాసయ్యేనాటికి రోజులు మారాయి, ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లల ఫీజు ప్రభుత్వమే కడుతుందన్నారు. భీమవరం వైపు కాలేజీలో దానికి సీటొచ్చింది. నాకు తప్పిపోయింది దానికి దక్కుతోందని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇక కావలసిందల్లా మండలాఫీసు వాళ్ళిచ్చే ఆదాయం సర్టిఫికెట్టు. అది లేకపోతే సీటు వచ్చీ రానట్టే.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. తాతగారి భూమి తాతగారితోనే పోయింది, నాన్నగారు కౌలుకు చేసేవారు. పేరు చివర గారు మాత్రం అలాగే ఉండిపోయింది, దానితోపాటు వచ్చినవాళ్ళని అన్నం పెట్టకుండా పంపలేని అలవాటూ ఉండిపోయింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టే మనిషి ఆయన. మా ఆదాయం ఎంతో విచారించడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు మర్నాడు వస్తున్నారని కబురందగానే, ఎందుకొస్తున్నారన్నది నాన్నగారి బుర్రలోంచి ఎగిరిపోయి, అంతటి అధికారి మన గడప తొక్కుతున్నారన్నది ఒక్కటే మిగిలింది. పక్కింటి పెద్దమ్మ దగ్గర్నుంచి వెండి కంచం, పేము కుర్చీలు, టేబుల్ ఫ్యాను తెప్పించారు. అమ్మ చేత పనసపొట్టు ఆవపెట్టి కూర చేయించారు, కొరమీను పులుసు పెట్టించారు, పూతరేకులు తానే వెళ్ళి పట్టుకొచ్చారు.

ఇన్‌స్పెక్టరు గారు మొహమాటస్తుడు, పాపం, వద్దు వద్దంటూనే తిన్నారు. తింటూ వ్యవసాయం ఎలా ఉందని అడిగితే, నాన్నగారు నెయ్యి వడ్డిస్తూ, మీ దయవల్ల ఏ లోటూ లేదండి అనేశారు. అమ్మ వంటింట్లోంచి గట్టిగా దగ్గింది, అది నాన్నగారికి వినబడితేనా! ఎవరు పలకరించినా అదే మాట అనడం మా వైపు మర్యాద. భోంచేస్తున్న మనిషి ముందు లేదన్న మాట ఎత్తితే ఆయనకి ముద్ద దిగుతుందా?

వారం తిరక్కుండానే, ఆదాయం పరిమితి కన్నా ఎక్కువని రాసి మా దరఖాస్తు తిప్పి పంపేశారు. ఇన్‌స్పెక్టరు గారిని అనడానికేముంది, కళ్ళారా చూసిందే రాశారు. కాలేజీలో చేరే గడువు ముంచుకొచ్చింది. చెల్లెలు ఏడవలేదు, నేనూ అక్కలాగే డిగ్రీలో చేరతానులే అంది. అది ఏడ్చినా నాకంత బాధ ఉండేది కాదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

“మర్యాద మీదండి, చదువు దానిది. పెద్దదానికి ఎలాగూ లేకపోయింది, దీన్నయినా చదువుకోనివ్వండి.”

నాన్నగారు లేచి చొక్కా తొడుక్కున్నారు.

మండలాఫీసుకి నేనూ వెంట వెళ్ళాను. మమ్మల్ని చూస్తూనే ఇన్‌స్పెక్టరు గారు లేచి, ఆ పనసపొట్టు కూర ఇంకా మరిచిపోలేదంటూ ఎంతో ఆదరంగా నాన్నగారికి కుర్చీ వేయించారు. నాన్నగారు కూర్చోలేదు. చుట్టూ గుమాస్తాలు, పనుల మీద వచ్చిన మా ఊరివాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఆయన్ని ఏకవచనంతో పిలిచే ధైర్యం ఉన్నవాళ్ళెవరూ లేరు.

“ఆ వెండి కంచం మాది కాదండి. కుర్చీలు, ఫ్యాను అన్నీ మా వదినగారింట్లో అడిగి తెచ్చినవేనండి. మాకు సెంటు భూమి లేదండి. లేనివాళ్ళమని రాయండి,” అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారి మొహం చిన్నబోయింది. “ఆ రోజే చెప్పాల్సిందండి,” అన్నారు.

“అన్నం పెడుతూ ఎలా చెబుతామండి?”

ఆయన మా ఊరివాళ్ళని అక్కడే విచారించి, సాయంత్రానికి సర్టిఫికెట్టు ఇప్పించారు.

చెల్లెలు చదువుకుంది, ఇవాళ విశాఖపట్నంలో మంచి ఉద్యోగం చేసుకుంటోంది. ఆ ఫీజు ప్రభుత్వం కట్టకపోతే దానికి ఆ చదువు లేదు, ఆ మేలు నేను కాదనను. ఇప్పుడు లేదని చెప్పుకోవడానికి ఎవరూ అంత నలిగిపోవడం లేదు, పోనీలెండి, అదే మంచిది, పిల్లల చదువు కోసం అడగడానికి సిగ్గెందుకు? అయినా ఏ ప్రభుత్వమొచ్చినా అది తన దయేనన్నట్టు ఇస్తుంది, పుచ్చుకునేవాడు పదిమందిలో నిలబడి లేనివాణ్ణని ఒప్పుకోవాలంటుంది. ఆ ఒక్క ముక్కా ఇన్నేళ్ళలో ఎవరూ మార్చలేకపోయారు.

ఆ తరువాత నాన్నగారు చాలా ఏళ్ళు బతికారు. ఇంటికి మనుషులు వస్తూనే ఉండేవారు, ఆయన అందరితోనూ నవ్వుతూనే మాట్లాడేవారు. భోంచేసి వెళ్ళండి అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ నేను వినలేదు. అమ్మే అనేది.