ఫర్హత్ టీచర్ పెట్టిన ఫొటో

మా బడిలో ఫర్హత్ టీచర్ పీరియడ్ అయ్యాక నా పీరియడ్. ఆమె సోషల్ చెబుతుంది, నేను లెక్కలు. నేను వెళ్లేసరికి బెంచీలన్నీ గోడలకు జరిపి ఉంటాయి. పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చుని ఇంకా ఏదో వాదించుకుంటూ ఉంటారు. బెంచీలు సర్దించి, బోర్డు తుడిపించి, చాక్‌పీసు పట్టుకునేసరికి నా పీరియడ్‌లో పావు వంతు పోతుంది. ఆమె ఈ బడికి వచ్చినప్పటి నుంచీ దీని మీద గొడవ పడుతూనే ఉన్నాను. "జర సబర్ జెయ్యండి సార్, మీ లెక్కలు యాడికీ పోవు" అంటుంది. ఆమె గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉండొచ్చు గానీ, ఆమెతో నా అంత విసిగినవాళ్లు మాత్రం ఉండరు.

బడి తాండూరు నుంచి కరణ్‌కోట వెళ్లే దారిలోని ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు రాయను. ఒక పిల్ల సంగతి చెప్పాలి కాబట్టి ఆ పిల్ల పేరు కూడా మార్చాను.

ఫర్హత్ తాండూరులోనే పుట్టింది. తండ్రి నిసార్ నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆమె అన్న పదో తరగతి మూడుసార్లు తప్పితే మూడుసార్లూ ఫీజు కట్టిన ఇల్లది. ఆమె మొదటిసారే పాసైతే ఇక చదువు చాలన్నారట. ఈ మాట ఆమె నవ్వుతూ చెబుతుంది, నాకు మాత్రం నవ్వు రాదు. మరి డిగ్రీ, బీఎడ్ ఎలా చేశావని అడిగితే "కొట్లాడి" అంటుంది. అంతకుమించి చెప్పదు.

ఆమె క్లాసులో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మాట వంతుల ప్రకారం అందరి దగ్గరికీ తిరగాలి, ఒకరి మాట ఇంకొకరు చెప్పకూడదు. "ఆ పిల్లకు సిగ్గు టీచర్, నేను జెప్త" అంటూ ఏ అబ్బాయైనా లేస్తే కూర్చోబెడుతుంది. ఆ పిల్ల నోరు తెరిచేదాకా క్లాసంతా ఆగాల్సిందే. పుస్తకంలో రాజు దండయాత్రకు పోయాడని ఉంటే, సిపాయిలంతా పోయాక ఆ ఏడు పంట ఎవరు కోశారని అడుగుతుంది. ఈ ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు ఉండదు. సిలబస్ ఎప్పుడూ వెనకే నడుస్తుంది. అయినా పరీక్షల్లో ఆమె పిల్లలకు మార్కులు బాగానే వస్తాయి, అదే నాకు మంట.

గదులు ఊడ్చే వంతు మగపిల్లలకు కూడా వేసిన ఏడాది ఒక తండ్రి వచ్చి హెడ్మాస్టర్ గదిలో బల్ల గుద్దాడు. ఫర్హత్ ఆయనను వరండాకు తీసుకుపోయి, మీ వాడు ఊడ్చిందే, ఎంత శుభ్రంగా ఉందో చూడండని మెచ్చుకుంది. పాపం, కొడుకును పొగుడుతుంటే కోప్పడడం ఆయనకు చేతకాలేదు.

ఇక ఆ ఫొటో సంగతికి వస్తాను. నవంబరులో బాలల దినోత్సవం నాడు మా బడుల్లో స్వయం పరిపాలన దినం జరుపుతారు. ఆ ఒక్క రోజు పదో తరగతి పిల్లలే టీచర్లు, కలెక్టరు, హెడ్మాస్టరు అవుతారు. మగపిల్లలు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఆడపిల్లలు తల్లుల చీరలు కట్టుకుని వస్తారు. హెడ్మాస్టర్ కుర్చీ ఎప్పుడూ క్లాసులో అందరికంటే పొడుగాటి అబ్బాయిది. ఆడపిల్లలు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించి, స్టాఫ్ రూములో అందరికీ టీ పోసేవారు. ఇదంతా ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ అడగలేదు. ఫర్హత్ అడిగింది. ఓట్లు పెట్టింది. దీక్షిత గెలిచింది.

దీక్షిత గట్టి పిల్ల. లెక్కల్లో కూడా గట్టిదే. ఆ రోజు వాళ్లమ్మ మెరూన్ రంగు పట్టుచీర కట్టుకొచ్చింది. కుచ్చిళ్లు నిలవకపోతే ఫర్హత్ తానే పిన్నులు పెట్టి సర్దింది. హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి, "మా కొత్త హెచ్.ఎం. మేడం" అని రాసి తన స్టేటస్‌లోనూ, బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది. సాయంత్రం దాకా అందరికీ ఫోన్ చూపించుకుంటూ తిరిగింది. అంత సంబరం ఆమెకు మంచిది కాదని నేను అనుకోలేదు, ఎవరూ అనుకోలేదు.

తర్వాతి వారం దీక్షిత బడికి రావడం మానేసింది. ఎందుకో కనుక్కుందామని ఫర్హత్ బయలుదేరుతూ నన్ను కూడా రమ్మంది. ఆ ఇంటి యజమాని మగ సారుతోనైతే మాట్లాడతాడని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. దీక్షిత తండ్రి నర్సింహులు నాపరాళ్ల గనిలో పనిచేస్తాడు. నాకు కుర్చీ వేశాడు, ఆమెకు చాప చూపించాడు. ఆమె అడిగిన ప్రతిదానికీ నా మొహం చూసి జవాబు చెప్పాడు.

"బొంరాస్‌పేట సంబంధం సార్. పిలగాడు శ్రీకాంత్ ఫ్యాక్టరీల నౌకరి జేస్తడు. మేం అడగలే, వాళ్లే ఫొటో జూసి అడిగిండ్రు."

"ఏ ఫొటో?" అంది ఫర్హత్.

జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. దీక్షిత తల్లి ఈశ్వరమ్మ. "మీరు పెట్టిందే టీచర్. చీర గట్టుకొని కుర్చీల కూసున్నది. డ్రెస్సు ఏసుకున్నన్ని దినాలు నాకు చిన్న పోరి లెక్కనే ఉండె. గా ఫొటో జూసినంక అందరు ఒకటే మాట. పిల్ల ఎదిగింది, ఇంక ఎన్ని దినాలు ఇంట్ల పెట్టుకుంటరు అని."

ఫర్హత్ చాప మీంచి లేచింది. పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే నేరమని చెప్పింది. "ఇప్పుడే పెండ్లి అంటలేం గద సార్, మాట అనుకుంటం" అన్నాడు నర్సింహులు, నాతోనే.

వాకిట్లోకి రాగానే ఆమె ఫోన్ తీసి చైల్డ్‌లైన్ నంబరు నొక్కబోయింది. ఆగమన్నాను. అంతకుముందు ఇంకో పిల్ల విషయంలో ఎవరో అలాగే ఫోన్ చేస్తే, అధికారులు వచ్చేలోపు ఆ పిల్లను కర్ణాటక దిక్కు చుట్టాల ఊరికి తీసుకుపోయి పెళ్లి చేసేశారు. ఆగితే ఇక్కడే చేస్తారు గదా అని ఆమె నా మీద లేచింది. మేమిద్దరం వాదించుకుంటుంటే దీక్షిత గేటు దాకా వచ్చింది.

"ఎవరికి జేస్తున్నరు టీచర్ ఫోన్?"

"నీ కోసమే బిడ్డా."

"నన్ను అడిగిండ్రా? ఫొటో పెట్టేటప్పుడు గూడ అడగలే. క్లాసుల మా మాట వేరేటోళ్లు చెప్తే కూసోబెడ్తరు. మీరే గిట్ల జేస్తే ఎట్ల?"

స్టాఫ్ రూములో, మీటింగుల్లో ఫర్హత్‌తో చాలామంది వాదించి ఓడిపోయారు. దీక్షితతో ఆమె వాదించలేదు. ఫోన్ సంచీలో పెట్టేసి, "మరి నన్నేం జెయ్యమంటవ్?" అని అడిగింది.

"ఆదివారం వాళ్లొస్తరు. మీరు గూడ రండ్రి. ఊకె కూసోండ్రి, ఏం మాట్లాడకుండ్రి. నేను మాట్లాడుత. నా తోని గాకుంటే అప్పుడు చెయ్యండ్రి ఫోన్."

దారిలో ఆమె గ్రూపులోంచి ఫొటో తీసేసింది. అప్పటికి అది ఎన్ని ఫోన్లు తిరిగిందో ఎవరికి తెలుసు! "ఆడపిల్ల ఆ కుర్చీల ఎట్ల కూసుంటదో అందరికీ చూపిద్దామనుకున్న సార్. వాళ్లు కుర్చీ చూడలే, చీర చూసిండ్రు" అంది. నాకు ఆమె మీద జాలి వేసింది. ఆమె మీద జాలి పడాల్సి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆదివారం పెళ్లికొడుకు శ్రీకాంత్, వాళ్లమ్మ మొగులమ్మ, వాళ్లతో శివయ్య అనే పెద్దమనిషి వచ్చారు. బడి నుంచి ఇద్దరు టీచర్లు వచ్చి కూర్చోవడం చూసి వాళ్లకు గౌరవంగానే అనిపించినట్టుంది. మిక్చర్, టీ అయ్యాయి. ఇలాంటి చోట చివర్లో పెద్దమనిషి, "ఏమన్న అడిగేది ఉంటే నువ్వు గూడ అడుగు బిడ్డా" అంటాడు. పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. అక్కడితో చూపులు అయిపోయినట్టు లెక్క. శివయ్య కూడా ఆ మాటే అన్నాడు. దీక్షిత తల ఊపలేదు.

"పెద్దమ్మా, మీ ఇంట్ల పొద్దుగాల రొట్టెలు ఎవరు జేస్తరు?" అని మొగులమ్మను అడిగింది.

"నేనే బిడ్డా, ఇంకెవరున్నరు?"

"ఎన్ని గంటలకు లేస్తవ్?"

"నాలుగింటికి. పిలగానికి పొద్దు షిఫ్టు ఉంటే ఇంకా జల్ది."

"మరి నేనొస్తే?"

"నువ్వు జేస్తవ్. నా నడుము పోయింది బిడ్డా, వంగరాదు, లేవరాదు. గందుకే గద కోడల్ని దెచ్చుకునేది."

అందరూ నవ్వారు. దీక్షిత కూడా కొంచెం నవ్వింది. "మరి నేను కాలేజికి ఎట్ల పోవాలె?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. శివయ్య అందుకున్నాడు. "పెండ్లయినంక గూడ సదువుకోవచ్చు బిడ్డా, ఎవరొద్దన్నరు?"

"నేను పెద్దమ్మను అడిగిన తాతా" అంది దీక్షిత మెల్లగా. తర్వాత శ్రీకాంత్ వైపు తిరిగి, "నీకు రొట్టె జేయనీకి వస్తదా?" అంది. అతను తల్లి మొహం చూశాడు.

మొగులమ్మే జవాబిచ్చింది. "కాలేజికి పోతే గాదు బిడ్డా. నాకు ఇంట్ల మనిషి గావాలె."

ఆ మాటలో దాపరికం లేదు. నిజం చెప్పాలంటే అక్కడున్న పెద్దవాళ్లలో నాకు ఆమే నచ్చింది. ఇంతసేపూ ఫర్హత్ చున్నీ అంచు పోగులు లాగుతూ కూర్చుంది. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఈశ్వరమ్మ టీ పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

పిల్ల మంచిదే గానీ నోరెక్కువని బొంరాస్‌పేట నుంచి కబురు వచ్చింది. ఊరంతా పాకింది. నర్సింహులు బడికి వచ్చి, ఫర్హత్ నా పక్కనే నిలబడి ఉండగా, "టీచరమ్మను మా ఇంటికి రావద్దని చెప్పుండ్రి సార్" అన్నాడు. నేను ఆమె వైపు తిరిగి చెప్పాను. విన్నానంది. పదో తరగతి పరీక్షలు దగ్గర్లోనే ఉండడంతో పిల్లను మాత్రం బడి మాన్పించలేదు.

దీక్షిత మంచి మార్కులతో పాసైంది. జూన్‌లో తాండూరు కాలేజీల్లో చేరికలు మొదలయ్యాయి, ఆ పిల్ల ఊసే లేదు. మళ్లీ వెళ్లాం. ఇంటికి రావద్దన్నాడు కాబట్టి ఫర్హత్ గేటు బయటే ఆగిపోయింది. అక్కడి నుంచి అడిగేది ఆమె, లోపల కుర్చీలో కూర్చున్నది నేను, నర్సింహులు జవాబులన్నీ నాకు.

"పది అయింది గద సార్, సాలు. పెండ్లిచూపుల కాడనే అన్ని అడిగె. బస్సెక్కిస్తే ఇంకెన్ని అడుగుతదో!" ఇంకో మాట కూడా అన్నాడు. "పొద్దుటి బస్సుల అంత ఫ్యాక్టరీ మగోళ్లే ఉంటరు. ఒక్క ఆడపిల్లను ఎట్ల పంపాలె? నేను గనికి పోవాలె. తోడు ఎవరు పోతరు?"

ఈశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చింది. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి, "లోపలికి రా టీచర్, ఎండల నిలవడ్డవ్" అని ఫర్హత్‌ను తీసుకొచ్చి, కుర్చీ లాగి వేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నేను పోత. రోజు పోత, కాలేజి కాడ దింపి మల్లొస్త. బస్సు ఆడోళ్లకు ఫుకట్‌నే గద, టికెట్ పైసలు ఉండవు."

"నువ్వు పోతే పొద్దుగాల రొట్టెలు?"

"నువ్వు జెయ్యి."

నర్సింహులు నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. "నాకు రొట్టె జేసుడు రాదు" అని, సాయం కోసం నా వైపు చూశాడు. నాకూ రాదు కాబట్టి నేను నేల చూశాను.

"నేర్సుకో" అంది ఈశ్వరమ్మ. "నేను తొమ్మిదేండ్లప్పుడే నేర్సుకున్న."