కారుకు సాంబ్రాణి

మొన్న ఏలూరులో మా మనవరాలి కారు మొండికేసింది. బట్టల కొట్టు పక్కన కాస్త నీడ కనబడితే చక్రాలు వంకరగా ఉండగానే ఇరికించి ఆపింది. చీరలు చూసుకుని వచ్చేసరికి తాళం తిరగదు, స్టీరింగ్ కదలదు. పక్కనున్న ఆటో ఆయన బ్యాటరీ పోయిందన్నాడు. కొట్టు గుమస్తా తాళంచెవి అరిగిందన్నాడు. దారిన పోయే ఇంకొకాయన ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనవరాలు షోరూముకి ఫోను చేస్తుంటే నేను ఆపాను. "ముందు స్టీరింగ్ ఎటు కాస్త లొంగుతోందో చూడు. అటు నొక్కిపట్టుకుని అప్పుడు తాళం తిప్పు" అన్నాను. తిప్పింది. కారు గుర్రుమంది. తాళం తీసేశాక స్టీరింగ్ కాడలోకి ఇనప నాలుక ఒకటి దిగి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. చక్రాలు వంకరగా ఉంటే ఆ ఒత్తిడంతా నాలుక మీద పడి బిగుసుకుంటుంది. వానాకాలం ఉబ్బిన తలుపుకి గడియ తీయాలంటే ముందు తలుపును మనవైపు లాక్కోమా? అదే సంగతి. "నీకెలా తెలుసు అమ్మమ్మా?" అంది నోరు వెళ్ళబెట్టి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, ఈ పిల్ల పలక మీదే. కారు అంతకు చాలా ముందే వచ్చింది.

అప్పుడు మేము తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. మా ఆయనకు పెద్ద బానెట్ ఉన్న పాత తెల్ల కారొకటి ఉండేది. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు బాడుగకు తిప్పేవారు. దానికి రోజూ పొద్దుటే తోపుడు తప్పేది కాదు. తోసేవాళ్ళు మగవాళ్ళు కాబట్టి లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకునే పని నాకు పడింది. అలా మొదలై, పంట కోసిన చేలల్లో గేర్లు వెయ్యడం దాకా నేర్చుకున్నాను. రోడ్డెక్కితే మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆ స్టీరింగ్‌లో బెత్తెడు ఆట ఉండేది. అంటే మనం ఎటైనా తిప్పితే, బెత్తెడు దూరం చేతులే తిరుగుతాయి తప్ప చక్రాలకు ఆ కబురు అందదు. స్టీరింగ్‌నీ చక్రాలనీ కలిపే రాడ్డు చివర గుండులాంటి కీలు ఉంటుంది. గ్రీజు ఎండిపోయి, మట్టి చేరితే అది మన మోకాలిలాగే అరుగుతుంది. అరిగే కొద్దీ కబురు ఆలస్యం. "ఈ కారుకి ముందుగా చెప్పాలి, చెప్పి ఓపిక పట్టాలి. అచ్చం మా అమ్మే" అనేవారు మా ఆయన, వాళ్ళమ్మ వినేటట్టుగానే.

మా అత్తగారిది కొల్లేటి అంచున పుట్టిల్లు. పసుపు కుంకుమల కింద ఆవిడకిచ్చిన పొలం అక్కడే ఉండేది. ఊడ్చిన చేను ఏటా నీళ్ళపాలయ్యేది. ఒక ఏడాది ఆవిడ భోజనాల దగ్గర గరిటె పట్టుకునే చెప్పేశారు: "ఏటా నీళ్ళు మింగేసే పొలంలో వరెందుకురా? గట్లు పోయించి చేపలేద్దాం." ఇల్లంతా గగ్గోలు పెట్టింది. వడ్లు కొలిచే చేత్తో చేపలు పట్టడమేమిటని బంధువులు నవ్వారు. ఆవిడ గట్లు పోయించేశారు. ఇక చేసేదేమీ లేక మా ఆయన ఒక మాట మీద ఒప్పుకున్నారు. "ఈ ఒక్కసారేనమ్మా. ఈ చేపపిల్ల బతక్కపోతే పొలం మావయ్యకు కౌలుకిచ్చేస్తాను. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు." ఆవిడ సరేనన్నారు గానీ, ఆ మావయ్య తన సొంత తమ్ముడే అయినా, తన పొలం గట్టు మీద తాను చుట్టంలా నిలబడవలసి వస్తుందని ఆవిడకు తెలుసు.

చేపపిల్లను తెచ్చే రోజున ముసురు పట్టింది. కైకలూరు వైపు హేచరీలో పిల్లను నీళ్ళతో, ఆక్సిజన్‌తో పాలిథిన్ సంచుల్లో నింపి మూతులు బిగించి ఇచ్చారు. వెనక సీటంతా అవే. వాటి మధ్య అత్తగారు, బుట్టలో పెట్టిన గుమ్మడికాయలా. ఎంత త్వరగా చెరువులో వదిలితే అంత మంచిదని హేచరీ వాళ్ళు చెప్పి పంపారు. సగం దారిలో రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. మా ఆయన మెల్లగానే దింపారు. అవతల ఒడ్డుకి ఎక్కుతుండగా ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. "ఏరా, నీళ్ళు చూసి నీ బండికి మూర్ఛొచ్చిందా?" అన్నారు అత్తగారు.

బానెట్ ఎత్తితే సంగతి తెలిసింది. ఫ్యాను చిమ్మిన నీళ్ళు డిస్ట్రిబ్యూటర్‌లోకి వెళ్ళాయి. కాయిల్ నుంచి వచ్చే కరెంటును నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా ఇచ్చేది అదే. పంక్తిలో నలుగురు కూర్చుంటే ఒక్క మనిషి తిరుగుతూ వడ్డించినట్టు, దాని మూత లోపల ఒక ముక్క గిరగిరా తిరుగుతూ నిప్పురవ్వను అందిస్తుంది. తడి తగిలితే వడ్డన నేలపాలవుతుంది. మా ఆయన మూతకున్న వైర్లు ఒక్కొక్కటే లాగారు. వరస మారితే ఒకరి వడ్డన ఇంకొకరి విస్తట్లో పడుతుందని, నేను వాటిని వేళ్ళ సందుల్లో వరసగా పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. తుడుద్దామంటే అందరి బట్టలూ తడే. ఆయన ప్లగ్గుల పనిలో ఉండగా అత్తగారు దిగి, "మూత ఇలా తే, నేనారబెట్టుకొస్తాను" అని రోడ్డు పక్క గుడిసెలోకి నడిచారు. ఆవిడకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

కాసేపటికి మూత పట్టుకుని తిరిగొచ్చారు. వెచ్చగా, పొడిగా ఉంది. బిగిస్తూ మా ఆయన ముక్కు ఎగబీల్చారు.

"ఇదేంటమ్మా, గుడి వాసనొస్తోంది?"

"లోపల చంటిదానికి తల ఆరబెడుతున్నారు. బుట్ట కింద సాంబ్రాణి పొగ ఉంది గదా, అందులోనే పెట్టాను. పసిపిల్ల తలే ఆరగా లేంది, నీ చిప్ప ఆరదా?"

కారు వెంటనే స్టార్టయింది. అత్తగారు మా ఇద్దరి వైపూ ఒక చూపు చూశారు. నాలుగు బారలు వెళ్ళామో లేదో, మళ్ళీ దగ్గు. ఈసారి పెళ్ళిలో టపాకాయలా ఒకటి పేల్చి మరీ ఆగింది. మూత తీసి చూస్తే లోపలంతా మసి. "కాటుక పెట్టి పంపించావు కదమ్మా, దిష్టి తగలకుండా!" అన్నారు మా ఆయన. మసి వెంట రవ్వ పాకుతుంది. తడి వడ్డనను నేలపాలు చేస్తే, మసి పక్క విస్తట్లోకి మళ్ళిస్తుంది. అత్తగారు సంచులకేసి చూస్తున్నారు. కొన్నిట్లో పిల్ల పైకి తేలి నోళ్ళు తెరుస్తోంది.

ఆవిడ బొడ్లోంచి ఆకూవక్కల తిత్తి తీసి, ఉన్నదంతా రోడ్డు మీద దులిపేసి, లోపలి పొడి గుడ్డ పైకి తిప్పి నా చేతిలో పెట్టారు. మా ఆయన పెట్రోలు గొట్టం కాస్త వదులు చేసి ఆ గుడ్డ తడిపిచ్చారు. మూత లోపల నాలుగు గూళ్ళూ నల్లదనం పోయేదాకా నేనే తుడిచి, పెట్రోలు ఆవిరైపోయేదాకా గాలికి పట్టుకున్నాను. ఈలోగా అత్తగారు ఒక్కో సంచిని ఒళ్ళోకి తీసుకుని ఊపడం మొదలుపెట్టారు. నీళ్ళు కదిలితే పైనున్న గాలి కలిసి పిల్లకు ఊపిరాడుతుంది. గుడిసె అమ్మాయి కూడా వచ్చి ఒక సంచి ఎత్తుకుంది. "మా దాన్నీ ఇంత ఊపితేగానీ పడుకోదండి మామ్మగారూ" అంది. "దీన్ని పడుకోబెట్టకమ్మా, మేలుకోవాలి" అన్నారు అత్తగారు, నవ్వకుండా.

బ్యాటరీ అప్పటికే నీరసించింది. నన్ను లోపల కూర్చోబెట్టి, మా ఆయన ముందునుంచి హ్యాండిల్ రాడ్డు వేసి తిప్పారు. ఆ రాడ్డు ఒక్కోసారి గాడిదలా వెనక్కి తంతుంది. తన్నింది. ఆయన మణికట్టు పట్టుకుని కూలబడి, మళ్ళీ లేచి, ఎడమ చేత్తో ఒక్క లాగు లాగారు. ఇంజను అందుకుంది. నేను యాక్సిలరేటర్ వదలలేదు.

ఆయన డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి "ఇంక దిగు" అన్నారు. కుడి మణికట్టు అప్పటికే పొంగిపోయింది.

"ఆ చేత్తో ఎలాగండీ?" అన్నాను.

"చేలో తోలినట్టనుకున్నావా? అటూ ఇటూ చెరువులే!"

వెనకనుంచి అత్తగారు అన్నారు: "అమ్మాయ్, దిగమాక. ఒరే, నువ్వు అటెక్కి కూర్చో. పోనీయవే!"

పోనిచ్చాను. గట్టు మీద దారి, రెండు పక్కలా నిండు చెరువులు, ఎదర జల్లు. మలుపు వచ్చాక తిప్పితే ఆ కారుకి ఆలస్యమే. మలుపు ఇంకా దూరంగా ఉండగానే బెత్తెడు ఆటా తిప్పి పెట్టుకుని, కీలు పట్టు దొరికిందాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా లాగాలి. తోపుడు రోజుల్లో ఇంజను లేని కారుని తిప్పిన చేతులకు ఆ పట్టు ఎక్కడుందో తెలుసు. మా ఆయన మొదటి మలుపు దగ్గర నా వైపు చెయ్యి చాచారు, రెండో మలుపుకి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. వెనక సంచులు ఊగుతున్న చప్పుడొక్కటే.

చెరువు దగ్గర సంచుల్ని మూతులు విప్పకుండానే నీళ్ళ మీద వదిలాం, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్క చలికి వచ్చేదాకా. విప్పితే ఒక సంచిలో పిల్ల చాలామటుకు తెల్లగా తేలింది. మిగతా సంచుల మూతులు వంచగానే చేపపిల్లలు సన్నటి నల్లదారంలా జారి, ఒక్క విదిలింపుతో మాయమయ్యాయి. అత్తగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆఖరి సంచి ఖాళీ అయ్యాక కొడుకు వైపు తిరిగారు. "మీ మావయ్యతో చెప్పు, చేపల పట్టుబడి రోజున భోజనానికి రమ్మన్నానని." ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ చెరువు ఎవరికీ కౌలుకి పోలేదు. నేను కారు తోలడమూ మానలేదు.

మొన్న బట్టల కొట్టు దగ్గర్నుంచి బయల్దేరాక దెందులూరు దాకా మనవరాలి చేతులకేసే చూస్తూ కూర్చున్నాను. కొత్త కారు, వేలితో ముట్టుకుంటే చాలు తిరుగుతోంది, ఎక్కడా ఆట లేదు. ఆ పిల్ల ఫీజులైనా, ఈ కారైనా ఆ చెరువు నీళ్ళలోంచి వచ్చినవే. కార్లు బాగుపడ్డాయిగానీ కాలం మాత్రం ఇంకా మా పాత కారు స్టీరింగే. మా అత్తగారు ఎన్నడో గట్టిగా పట్టి తిప్పారు, బండి ఇప్పుడు తిరుగుతోంది.