గొంతు నాదే

డబ్బింగ్ వాళ్ళలో ఆమెను అందరూ చిలకమ్మ అనేవారు. చిన్నప్పుడు నాటకాలాడే పిన్ని వెంట రిహార్సళ్ళకు వెళ్ళి, ఎవరు మాట్లాడితే వాళ్ళలా మాట్లాడి నవ్వించేది. ఆ సరదాయే పెద్దయ్యాక కూడు పెట్టింది. చంటిపిల్లల ఏడుపు దగ్గర్నుంచి కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తగారి దాకా ఆమె గొంతులో పలకని మనిషి లేదు. ఒకసారి ఒకే సీరియల్లో తల్లికీ కూతురికీ తనే చెప్పి, తనతో తనే పోట్లాడి, తనని తనే ఇంట్లోంచి గెంటేసుకుంది. రికార్డింగ్ అయ్యాక బయటికొచ్చి, "గెలిచిందీ నేనే, ఓడిందీ నేనే. ఇప్పుడు టీ ఎవరు పోయిస్తారు?" అంది.

ఊళ్ళో వాళ్ళందరి మాటలూ మాట్లాడే మనిషి తన మాట మాత్రం ఎక్కడా ఎత్తేది కాదు.

ఆమె ఉండేది ఒక మేడ మీద రెండు గదుల వాటాలో, ఒక లెక్కల టీచరుతో కలిసి. టీచరు మొదట స్టూడియోకి వచ్చింది పిల్లల కోసం లెక్కల పాఠాలు రికార్డు చెయ్యడానికే. క్లాసులో పులిలా ఉండే మనిషి మైకు ముందు నోరు పెగలక చెమటలు పట్టి నిలబడిపోయింది. పక్క గదిలోంచి చూస్తున్న చిలకమ్మ లోపలికి వచ్చి మైకు వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. "మైకుకి చెప్పకండి, నాకు చెప్పండి. నాకు భిన్నాలు రావు" అంది. టీచరు ఆమె కళ్ళలోకి చూస్తూ పాఠం మొత్తం చెప్పేసింది. తర్వాత ఆ పాఠం సాగుతూనే పోయింది, పార్కు బెంచీ మీద, బస్సులో పక్కపక్క సీట్లలో, చివరికి ఈ మేడ మీద. చిలకమ్మకి భిన్నాలు మాత్రం ఇప్పటికీ రావు.

వాటా అడగడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ, "మీ ఇద్దరూ ఏమవుతారు?" అని అడిగింది. "మా పిన్ని కూతురు" అని టీచరు కంగారులో అనేసింది. అప్పట్నుంచి వాళ్ళు అక్కచెల్లెళ్ళయ్యారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అడిగినవాళ్ళకి అదే చెప్పుకుంటూ బతికారు. చిలకమ్మ సొంత అక్క దగ్గర ఈ కట్టుకథ పనికి రాదు కదా, ఆవిడకి పిన్ని కూతుళ్ళందరూ తెలుసు. అందుకని అక్కకి టీచరు కేవలం వాటాలో భాగస్తురాలు. అక్క వస్తుందంటే ముందు గదిలో మడత మంచం వేసి, ఎవరో పడుకుని లేచినట్టు దుప్పటి నలిపి పెట్టేవారు.

ఇలా ఉండగా ఆ సీరియల్ వచ్చింది.

అది ఎక్కడో పరాయి దేశంలో తీసింది. ఒక ఊళ్ళో కొందరు స్నేహితురాళ్ళు. ఒకావిడ సైకిళ్ళు బాగుచేసే షాపు నడుపుతుంది, ఒకావిడ పశువుల డాక్టరు, ఇంకొకావిడ భర్తను వదిలి వచ్చిన వంటమనిషి. అందరూ ఆడవాళ్ళని ప్రేమించిన ఆడవాళ్ళే. కలుస్తారు, విడిపోతారు, ఒకరి గొడవలో ఇంకొకరు తలదూర్చి చీవాట్లు తింటారు. సెల్‌ఫోన్లలో చూపించే ఒక చానల్ దాన్ని కొని, తెలుగులో చెప్పించమని చిలకమ్మ పనిచేసే స్టూడియోకి ఇచ్చింది. సైకిల్ షాపు ఆవిడకి గొంతు కావాలి. ఒకావిడ, "మా ఆయన వింటే ఇంకేమైనా ఉందా" అని తప్పుకుంది. ఇంకొకావిడకి ఆ వారమే జలుబు చేసింది. మాస్టారు, అంటే డబ్బింగ్ చెప్పించే పెద్దాయన, చిలకమ్మ వైపు చూశాడు.

"నేను చెప్తాను మాస్టారూ" అంది ఆమె.

ఇంట్లో ఆ మాట చెప్పగానే టీచరు చేతిలో ఉన్న గిన్నె గట్టుమీద పెట్టేసింది.

"నీకేమైనా మతి పోయిందా? ఇన్ని సీరియళ్ళు ఉండగా అదే దొరికిందా?"

"గొంతే కదా. మొహం కనిపించదుగా."

"నీ గొంతు ఎవరికి తెలీదు? మా పిల్లల తల్లులందరూ నీ సీరియళ్ళే చూస్తారు. ఎవరో ఒకరు ఒకటీ ఒకటీ కలిపి చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా?"

"ఇంతకాలం అత్తగారికి చెప్పాను, ఎవరైనా నన్ను అత్తగారనుకున్నారా?"

"అది వేరు. అత్తగారివి కావు కాబట్టి భయం లేదు."

ఆ వారమంతా ఇంట్లో ఉప్పు ఎక్కువైందనీ తలుపు గడియ పడలేదనీ తప్ప వేరే మాట లేదు.

పని మొదలయ్యాక మాత్రం చిలకమ్మ వేరే మనిషైపోయింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర మీద ఆ సైకిల్ షాపు ఆవిడ మొహాన్ని చూస్తూ నిలబడితే, ఆమె ఊపిరి తీసిన చోట ఈమెకీ ఊపిరి అందేది. వేరే పాత్రలకి గొంతు మార్చుకోవాల్సి వచ్చేది. దీనికి ఏమీ మార్చలేదు. మాస్టారు అద్దానికి అవతల తల ఊపుతూ, "ఇదేమిటమ్మా, ఈసారి నువ్వు నటించట్లేదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె గబగబా తర్వాతి సీను పెట్టమంది.

మొదటి భాగాలు విడుదలయ్యాయి. ఒక రోజు స్కూల్లో స్టాఫ్ రూములో సైన్సు టీచరు పరీక్ష పేపర్లు దిద్దుతూ, "ఆ సీరియల్లో సైకిలు షాపు ఆవిడ గొంతు మీ చెల్లెలిదే కదూ?" అని మామూలుగా అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లెక్కల టీచరు లేచి నిలబడి, "కాదు, మా చెల్లెలు అలాంటివి చెప్పదు, అసలు అలాంటివి చూడదు కూడా" అని గడగడా అనేసింది. సైన్సు టీచరు ఎర్ర పెన్ను ఆపి తలెత్తి చూసింది. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్తూ టీచరు, "ఆవిడ అడిగింది గొంతు గురించే. తక్కినదంతా నేనే చెప్పేసినట్టయింది" అని మంచం మీద కూలబడింది.

ఆ వారంలోనే స్టూడియోకి చానల్ ఆవిడ వచ్చింది. ఆరో భాగంలో మాట మార్చాలట. సైకిల్ షాపు ఆవిడ తల్లి చాలాకాలం తర్వాత షాపుకి వస్తుంది. లోపలున్న ఇంకొక ఆడమనిషిని చూసి ఎవరీమె అని అడుగుతుంది. సైకిల్ షాపు ఆవిడ చేతి గ్రీజు గుడ్డతో తుడుచుకుని, "అమ్మా, ఈమె నా మనిషి. నేను ప్రేమించిన మనిషి" అంటుంది. మాటల రచయిత అలాగే రాశాడు. ఇప్పుడు దాన్ని కొట్టేసి, "ఈమె నా స్నేహితురాలు. నాకు అక్కలాంటిది" అని రాశారు.

"ఇంతవరకూ వచ్చిందంతా చూసినవాళ్ళకి అక్క ఎలా అవుతుంది?" అన్నాడు మాస్టారు.

"స్నేహితురాళ్ళ కథ అనే కదండీ ప్రకటనల్లో వేశాం. తల్లి ముందు చెప్పే చోటే పైవాళ్ళకి ఇబ్బంది" అంది చానల్ ఆవిడ. చెడ్డమనిషి కాదు. చెప్తున్నంతసేపూ నేల చూస్తూనే ఉంది.

చిలకమ్మ మైకు ముందుకు వెళ్ళింది. తెర మీద ఆ మొహం, చేతిలో ఆ గుడ్డ. "ఈమె నా..." దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు. ఈసారి మాట వచ్చింది కానీ తెర మీద పెదవులు మూసుకున్న చోట ఈమె నోరు తెరిచి ఉంది. ఎన్నిసార్లు చేసినా కుదరలేదు. చివరికి హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది.

"నావల్ల కాదు మాస్టారూ."

"పెదవి కలవకపోతే నేను సర్దుకుంటాలే."

"పెదవి గురించి కాదు."

మాస్టారు అద్దం అవతల చేతిలో ఉన్న కాగితాలు మడిచి పెట్టేశాడు. "రేపు పొద్దున్న రా. అప్పటికీ కాదంటే వాళ్ళు వేరే గొంతు పెట్టేస్తారు. నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు అక్క చెప్పులున్నాయి. ముందుగా కబురు లేదు, మడత మంచం వెయ్యలేదు. అక్క కుర్చీలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల టీచరు కూరలు తరుగుతున్న చప్పుడు.

"ఏంటక్కా, చెప్పాపెట్టకుండా?"

"చెప్తే మంచం వేస్తారుగా" అంది అక్క.

చిలకమ్మ విప్పబోయిన చెప్పు కాలికే ఉండిపోయింది.

"ఆ ఫోన్లో వచ్చేది చూశాను. సైకిళ్ళది. ఆ పిల్ల నువ్వేనా?"

"గొంతు నాదే."

"గొంతు గురించి అడగట్లేదే నేను."

లోపల కత్తి చప్పుడు ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. ఇప్పుడు ఏ గొంతుతోనైనా తప్పించుకోవచ్చు. నవ్వేసి, "నీకు పిచ్చా అక్కా" అనవచ్చు. ఆ మాట ఎన్ని సీరియళ్ళలో చెప్పలేదు తను?

"అవునక్కా" అంది చిలకమ్మ.

అక్క మొహం కందగడ్డలా అయింది. "ఎన్ని సంబంధాలు తెచ్చాను నీకు. కాళ్ళరిగేలా తిరిగాను. ఒకటీ కుదరకపోతే నీలో లోపం ఏదో ఉందేమోనని నాలో నేను ఏడ్చాను. ఒక్కసారి, ఒక్కసారి నా చెవిన వెయ్యబుద్ధి కాలేదా?"

"వేస్తే ఇలాగే ఏడుస్తావని."

"ఏడుస్తాను. నీకేం పోయింది? అక్క ఏడవకూడదా?"

అప్పుడు టీచరు బయటికి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. మైకు ముందు నిలబడ్డ రోజున్నట్టే నోరు ఎండిపోయి ఉంది. "తప్పు నాది కూడా అండీ. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. నాకు భయం. ఇప్పటికీ భయమే. కానీ మీకు అబద్ధం చెప్పినందుకు మాత్రం సిగ్గుగా ఉంది" అంది.

అక్క ఆమె వైపు చూడలేదు. సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. టీచరు పెట్టిన టీ అలాగే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "బావకి నేను చెప్పను. నువ్వూ చెప్పకు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సగం తరిగిన కూర సగంలోనే ఉండిపోయింది. చివరికి టీచరే, "రేపు ఆ అక్కలాంటిది అనే మాట చెప్తావా?" అంది. స్టూడియో సంగతి మాస్టారు సాయంత్రమే తనకి ఫోన్ చేసి చెప్పాడట.

"నేను చెప్పకపోతే ఇంకొకళ్ళు చెప్తారు."

"చెప్పనీ. వాళ్ళ నోరు వాళ్ళిష్టం" అని టీచరు తడి చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను స్టాఫ్ రూములో చెప్పిన అబద్ధం చాలు ఈ ఇంటికి."

పొద్దున్న చిలకమ్మ స్టూడియోకి వెళ్ళి ఆ మాట తను పలకనని చెప్పింది. కారణం అడిగితే చానల్ ఆవిడ ఎదురుగానే, మాస్టారు ఎదురుగానే, "ఆ సైకిల్ షాపు ఆవిడ మాట నా సొంత మాట కూడా కనక" అంది. ఎవరూ ఆశ్చర్యపడ్డట్టు కనిపించలేదు. చానల్ ఆవిడ మాత్రం మొదటిసారి తలెత్తి చూసి, "నేను పైవాళ్ళకి మళ్ళీ రాస్తాను" అంది. రాసిందో లేదో తెలియదు. ఆరో భాగం నుంచి ఒక కొత్త అమ్మాయి గొంతు వినిపించింది. మంచి గొంతు. ఆ అమ్మాయి "స్నేహితురాలు" అని ఏ తడబాటూ లేకుండా చెప్పింది. చూసేవాళ్ళలో కొందరు గొంతెందుకు మారిందని అడిగారు, చాలామంది పట్టించుకోలేదు.

చిలకమ్మకి కొంతకాలం పెద్ద పాత్రలు రాలేదు. జంతువుల కార్యక్రమాలకి వెనక నుంచి చెప్పింది. "తిమింగలాలతో గొడవ లేదు, అవి ఎవరికి ఏమవుతాయో ఎవరూ అడగరు" అని నవ్వేది. స్కూల్లో భయపడ్డంత ఏమీ జరగలేదు. సైన్సు టీచరు ఒక రోజు లెక్కల టీచరు పక్కన వచ్చి కూర్చుని, "మీ ఆవిడని మళ్ళీ ఆ సీరియల్లో చెప్పమనండి, కొత్త గొంతు బాగాలేదు" అని చిన్నగా అని, డబ్బాలో అన్నం కలుపుకుంది. టీచరు తన డబ్బాలోంచి ఆవకాయ ముక్క తీసి ఆమె అన్నంలో పెట్టింది.

అక్క నెలల తరబడి ఫోన్ చెయ్యలేదు. చేసిన రోజు ఊరికే చేసినట్టు, మోకాళ్ళ నొప్పి గురించీ బావ కంటి ఆపరేషన్ గురించీ మాట్లాడింది. పెట్టేసేముందు గొంతు తగ్గించింది.

"ఆవిడ ఉందా అక్కడ?"

"ఉంది."

"ఆవిడకి కంటి డాక్టర్లు ఎవరైనా తెలుసేమో అడుగు. ఫోన్ ఇవ్వు, నేనే అడుగుతాను."

టీచరు ఫోన్ తీసుకుని లేచి నిలబడింది, హెడ్‌మాస్టరుతో మాట్లాడుతున్నట్టు. అక్క ఇప్పటికీ ఆమెను మీరు అనే పిలుస్తుంది. వరస ఏదీ కలపలేదు. బావకి కూడా ఇంకా చెప్పలేదు. కానీ ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో అక్కకి పక్కన రాత్రి దాకా కూర్చున్నది టీచరే. రికార్డింగ్ ముగించుకుని చిలకమ్మ వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, నర్సు ఎందుకింత ఆలస్యం చేస్తోందని ఒకే గొంతుతో తిడుతున్నారు.