అంబాసిడర్ వెనక సీటు

కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు కరుణాకుమారికి అరవై దాటాయి. షూటింగుకు వెళ్తూ పెట్రోలు బంకు దగ్గరకు రాగానే ఆమె నడక నెమ్మదిస్తుంది. కొంగు సర్దుకుంటున్నట్టు కాసేపు నిలబడి, ఆ వాసన గుండె నిండా పీల్చుకుంటుంది. ఆమె వయసులో ఉన్నప్పుడు తెనాలిలో తండ్రి మిషన్ ఆస్పత్రి అంబాసిడర్ నడిపేవాడు. ఆదివారం చర్చికి వెళ్తూ బంకులో ఆపితే, అక్కడ పనిచేసే రాబర్ట్ పెట్రోలు కొట్టి, వెనక సీట్లో ఆమె కూర్చున్న వైపు అద్దం మాత్రం ఎంతసేపో తుడిచేవాడు. ముందు సీట్లో నాన్న ఉండేవాడు. ఆమె ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆ తర్వాత రాబర్ట్ ఏ ఊరు వెళ్లిపోయాడో తెలియలేదు.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో పాతకాలపు బంకు సెట్టు వేసి, ఆమెను అంబాసిడర్ వెనక సీట్లో కూర్చోబెట్టారు. బంకు పనివాడి వేషంలో ఉన్న నటుడు వచ్చి పక్క అద్దం తుడవగానే ఆమె చటుక్కున అటు తిరిగింది. రెండో టేకులోనూ అంతే. "ఎదురుగా చూడమన్నాను కదమ్మా!" అని విసుక్కున్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ సిద్ధార్థ. "ఆ రోజుల్లో ఆడవాళ్లు అలా తల తిప్పి చూసేవాళ్లా?" "చూసేవాళ్లం కాదు బాబూ," అందామె మెల్లగా. మూడో టేకులో ఎదురుగానే చూస్తూ కూర్చుంది. చెంప పక్కన తడిగుడ్డ అద్దం మీద తిరిగి తిరిగి ఆగింది. షాటు ఓకే అన్నారు. ఆమెకు మాత్రం దిగబుద్ధి కాలేదు.