లుక్ దొరా!

నేను వేదికెక్కి పాడింది జీవితంలో ఒక్కసారే. ఎందుకో వింటే మీరు నవ్వుతారు. నవ్వుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అప్పట్లో నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో లెక్కలు చూసేదాన్ని. యంత్రాలు బిగించడానికి నార్వే నుంచి సిగ్రిడ్ అనే ఇంజనీరమ్మ వచ్చింది. క్యాంటీన్‌లో స్నేహం కుదిరింది. ఒకరోజు వాళ్ల జానపదం ఒకటి ఫోన్‌లో వినిపించింది.

"చిన్నప్పుడు మా అవ్వ నాకు పాట నేర్పుతుంటే రికార్డు చేశారు. మాకు రాసుకోవడం ఉండదు, చెవితోనే పట్టుకోవాలి" అని ఇంగ్లీషులో చెప్పి, అడగ్గానే నాకూ పంపింది.

తను నార్వే తిరిగి వెళ్లేముందు జరిగే వీడ్కోలు సభలో అదే పాడి ఆమెను ఆశ్చర్యపరచాలని నాకు పురుగు కుట్టింది. అర్థం అడిగితే గుట్టు బయటపడుతుంది కదా! అడగలేదు. అక్కడే మునిగాను.

చంద్రగిరిలో మా ఇంట్లో సాధన మొదలైంది. పాట మొదట్లో వెన్నలా ఉండేది. కాసేపటికే ఉగ్రరూపం దాల్చేది. మధ్యలో "లుక్ దొరా! లుక్ దొరా!" అని ఒకటే ఆక్రోశం. చివర్లో గొంతు అడుగునుంచి పెకలించుకొచ్చే గమకం ఒకటి. అది పట్టుబడేసరికి నా గొంతు పచ్చిపుండయింది.

నాయన కంగారుగా వచ్చినాడు. "పాపా, గొంతులో ఏమన్నా ఇరుక్కునిందా?"

"పాట నాయనా! దేవుణ్ణి పిలస్తాండా."

"అంత కోపంగానా?"

"వాళ్ల భక్తి అట్లుంటాదేమో!"

ఆఫీసులో నా పక్క సీటు రేవతి ఇంకో మెట్టెక్కింది. "దొరా అంటే స్వామే కదమ్మే! మాకూ నేర్పీ, అందరం వంత పాడతాం."

సభరోజు నాయన ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకుని అందుకున్నాను. రేవతి గుంపు చేతులు జోడించి "లుక్ దొరా!" అంది. మేనేజరుగారు కూడా లేచి దండం పెట్టారు. గమకంతో ముగించి కళ్లు తెరిస్తే, సిగ్రిడ్ సభకని వేసుకొచ్చిన చున్నీలో ముఖం దాచుకుని వణికిపోతోంది.

"ఏడుస్తున్నావా?" అన్నాను, మైకులోనే.

ఆమె వేదికెక్కింది. "పాట రెండు లైన్లే. మిగతాదంతా మా అవ్వ నన్ను తిట్టడం! ఆపు, నీకు ఈ జన్మకి రాదు, ముందు ముక్కు చీదుకో అంటోంది."

ఆ మాటలూ మైకులోనే పడ్డాయి.

"మరి... లుక్ దొరా?"

"తలుపు వెయ్యి! పిల్లి వస్తోందని."

మేనేజరుగారు జోడించిన చేతులు మెల్లగా విడదీసి జేబుల్లో పెట్టుకున్నారు.

"చివర్లో గమకం?" అన్నాను, ఆశ చావక.

"దగ్గు. అవ్వకు ఉబ్బసం." అంటూనే నన్ను వాటేసుకుంది. "అచ్చం ఆమెలాగే దగ్గావు" అని ఈసారి నిజంగానే ఏడ్చింది. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం వేదిక కిందికి దూరిపోవాలనిపించింది.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే ఉన్నాను. శ్రీకాళహస్తి దాటాక నాయన నా తల నిమిరి అన్నాడు:

"ఊరుకో పాపా. పాట సంగతి నాకు తెలీదు గానీ, దగ్గు మాత్రం బ్రహ్మాండంగా దగ్గినావు!"

కండక్టరు సాక్షిగా ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను: అర్థం కనుక్కోకుండా ఈ భూమండలంలో ఏ అవ్వ పాటా పాడను.