గుండం నడుమ పంచె సర్దుకున్న నాయన

మా ఇంట్లో ఇప్పుడు నా ముఖం కంటే నా అరికాళ్లే ఎక్కువగా అద్దం చూసుకుంటున్నాయి. పొద్దున్నే స్నానం కాగానే మా అమ్మాయి గుండ్రటి అద్దం నేలమీద పెట్టి, పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివారి పెద్దమ్మలా నా పాదాలను వేలువేలునా పరీక్షిస్తుంది. తర్వాత నన్ను కళ్లు మూసుకోమని, చీపురుపుల్లతో అక్కడక్కడా తాకుతూ "తెలుస్తాండాదా?" అని అడుగుతుంది. నాకు షుగరు వచ్చినప్పటి నుంచీ ఇదే మా ఇంటి సుప్రభాతం. ఆ పుల్లను చూస్తే మా నాయన కాళ్లు గుర్తొస్తాయి.

తనకల్లు దగ్గర మా ఊళ్లో వానకు కరువు గానీ తుమ్మముళ్లకు ఏ ఏడూ కరువు లేదు. ఊరంతా కుంటుతూ నడిచే ఆ శెనక్కాయ చేలల్లో మా నాయన, మిట్టమధ్యాహ్నం కోడిగుడ్డు కొట్టిపోస్తే అట్టయ్యే బండమీద, ఉత్తకాళ్లతో నిలబడి తీరిగ్గా బీడీ ముట్టించేవాడు. ఆయన పడుకుంటే నేనూ మా చెల్లెలూ ఆయన మడమల్లోని ముళ్లు పీకే పోటీ పెట్టుకునేవాళ్లం. మేం పీకినవాటితో ఒక దొడ్డికి కంచె వేయొచ్చు, ఆయన గురక మాత్రం తాళం తప్పేది కాదు. "మీ నాయనవి కాళ్లు కాదురా, గుండ్రాళ్లు" అని ఊరు అనేది. మేము ఛాతీలు విరుచుకుని తిరిగేవాళ్లం.

ఒక ఏడు నాయనకు చక్కెర జబ్బని డాక్టరు మాత్రలిచ్చి, చెప్పుల్లేకుండా నడవొద్దన్నాడు. నాయన లెక్క వేరు. చక్కెర జబ్బు కాబట్టి కాఫీలో చక్కెర మాని బెల్లం వేయించుకున్నాడు. ఉగాదికి అమ్మ చేసిన, నేతిలో ఈదే ఓళిగలను గోపురమంత ఎత్తు తిన్న రోజున మాత్ర మింగి, తీపి తినని రోజుల్లో అది దండగని దాచిపెట్టేవాడు. గుప్పెడు వేపాకు నమిలి, లోపల చేదు తీపిని ఎట్లా తరుముతున్నదో మాకు యుద్ధం వర్ణించినట్టు చెప్పేవాడు. చెప్పులు మాత్రం దూలానికి వేలాడేవి.

ఆ ఏడు పీర్ల పండగకు చావిడి ముందు గుండం తవ్వి, తుమ్మమొద్దులు కాల్చి నిప్పులు పరిచారు. హిందువులూ ముస్లింలూ అందరూ తొక్కే గుండమది. పీర్లకు చదివించిన చక్కెర నోట్లో వేసుకుని ఒక్కొక్కరూ కుందేళ్లలా దూకి అవతల పడుతున్నారు. మా నాయన నడిచాడు. నడుమ ఆగాడు. జారిన పంచె సర్దుకుని, కుచ్చెళ్లు దోపుకుని, మళ్లీ నడిచాడు. తప్పెట్లు ఆగిపోయాయి. "సామి పూనినాడప్పా" అంటూ పీరు మోసే తాత ఆయన కాళ్లకు దండం పెట్టాడు. నేను నాయన భుజమెక్కి ఇంటికొచ్చాను. చందమామ తలకు తగిలింది.

కొన్నాళ్లకు పడసాలలో వాసన మొదలైంది. చచ్చిన ఎలుక కోసం అమ్మ గాదె కింద వెతికింది. అవ్వ వాసన చూసుకుంటూ వచ్చి నాయన కుడికాలి దగ్గర ఆగిపోయింది.

"ఆస్పత్రికి పోదాం పారా."

"నొప్పే లేకపోతే ఆస్పత్రి ఎందుకు మా," అన్నాడు నాయన.

నొప్పి వచ్చాక పోదామని ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. అది రాలేదు. కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ దూలం మీది చెప్పులు దించి, ఎడమది ఆయన ముందు పెట్టింది. ఆయన తొడుక్కున్నాడు.

ఇప్పుడు ఆ చావిడి ముందు సిమెంటు రోడ్డు పడింది, గుండం తవ్వరు. మా మట్టిమిద్దె లేదు, దూలం లేదు, నాయన లేడు. నాకు అన్నీ తెలుసు. మాత్ర వేళకు వేస్తాను, సంగటి కొలుచుకుని తింటాను, స్నానాలగదికి కూడా చెప్పులతోనే ఊరేగింపుగా పోతాను. ఈ పొద్దున కూడా కాళ్లు చాపి, బుద్ధిగా కళ్లు మూసుకున్నాను.

"తెలుస్తాండాది," అన్నాను.

"నేనింకా పుల్ల తాకిచ్చనే లేదు నాయనా," అంది మా అమ్మాయి.